మంగళవారం రాత్రి దిగేది ఎంతమంది?

పోయిన శనివారం మధ్యాహ్నం అన్నానికి కూర్చోబోతుంటే ఫోన్ మోగింది. మా అనంతపురం వైపు అబ్బాయి, నన్ను అక్కా అంటాడు. మేముండే అమెరికా మిషిగన్‌లోనే, నోవైలో ఇల్లు కొని ఏడాదిన్నర అయింది. ఫోన్లో చుట్టూ జనం గోల వినిపిస్తోంది.

"అక్కా, హోమ్ షోలో ఉన్నాం. ఎనిమిది మంది పట్టే హాట్ టబ్, అరవై రెండు జెట్‌లు. లైట్లు, స్పీకర్లు అన్నీ ఉన్నాయి. ఈరోజు సంతకం పెడితే పద్నాలుగు వేల డాలర్లు, రేపైతే పదిహేడున్నర వేలు అంటున్నారు. తీసుకోమంటావా?"

హోమ్ షో అంటే ఇంటి సామాన్లు చూపించి అమ్మే ప్రదర్శన. హాట్ టబ్ అంటే ఇంటి బయట పెట్టుకుని వేడి నీళ్ళలో కూర్చునే పెద్ద తొట్టె, నీళ్ళు ఒంటికి గట్టిగా తగిలేలా చిమ్మే రంధ్రాలే జెట్‌లు.

"మీ ఇంట్లో ఉండేది ఎంతమందిరా?"

"నేను, తను, పాప."

"మరి ఎనిమిది ఎవరికి?"

"ఎవరో ఒకరు వస్తుంటారు కదక్కా."

ఈరోజు ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు, ఇంటికి వెళ్ళిపో, రాత్రి మాట్లాడుకుందాం అన్నాను. రాత్రి గంటన్నర మాట్లాడుకున్నాం. అయినా చెప్పాల్సింది సగం మిగిలిపోయింది. ఈ రెండేళ్ళలో ఇదే ప్రశ్న నన్ను ఐదారుగురు అడిగారు కాబట్టి ఆ మిగిలిన సగం ఇక్కడ రాస్తున్నాను.

నా అభిప్రాయం ఒక్కటే. మొదటి హాట్ టబ్‌ను వచ్చేపోయేవాళ్ళను చూసుకుని కొనకూడదు. మంగళవారం రాత్రి తొమ్మిదింటికి, ఆఫీసు పనీ వంట పనీ అయ్యాక, బయట మంచు పడుతున్నా సరే చెప్పులేసుకుని వెళ్ళి మూత తీసి దిగేది ఎవరు? వాళ్ళ కోసం కొనాలి. ఎంత సైజు, ఎక్కడ పెట్టాలి, దేనికి డబ్బు పెట్టాలి, దేనికి పెట్టకూడదు అన్నవన్నీ ఆ ప్రశ్నకు వచ్చే జవాబును బట్టే తేలతాయి.

క్యాలెండర్ మీద గీతలు

ఈ మాట నేను ఊరికే అనడం లేదు. మేము మొదట కొన్నది గాలి కొట్టుకునే టబ్. 2022 మే నెలలో, ఐదు వందల డాలర్ల లోపు. మామూలు ప్లగ్గుకే పనిచేసేది. వేడెక్కడానికి ఒక రోజంతా పట్టేది, గంటకు రెండు డిగ్రీలు పెరిగితే గొప్ప. బుడగలు పెట్టుకుంటే వేడి తగ్గిపోయేది. 40 డిగ్రీల ఫారన్‌హీట్ (ఇక్కడ రాసిన డిగ్రీలన్నీ ఫారన్‌హీట్‌లోనే) కంటే చలి ముదిరితే వాడొద్దని దాని కాగితాల్లోనే రాసి ఉంది. అందుకని అక్టోబరు చివర్లో నీళ్ళు వదిలేసి, ఆరబెట్టి, మడిచి గరాజ్‌లో పెట్టేశాం.

కానీ ఆ టబ్ మాకు ఒక మేలు చేసింది. ఇండియన్ స్టోర్‌లో ఉగాదికి ఇచ్చిన తెలుగు క్యాలెండర్ వంటింట్లో ఉంటుంది. దిగిన రోజున పెన్సిల్‌తో గీతలు పెడదామన్నది మా పెద్దాడి ఆలోచన, ఎంతమంది దిగితే అన్ని గీతలు. అక్టోబరులో కూర్చుని లెక్కపెట్టాం. మొత్తం అరవై ఒక్క రోజులు. అందులో నలభై ఎనిమిది రోజులు రెండేసి గీతలే, అంటే నేనూ మా ఆయనా. నలుగురికి మించి దిగినవి నాలుగంటే నాలుగు రోజులు. పెద్దాడి పుట్టినరోజు ఒకటి, జూలై నాలుగు ఒకటి, చికాగో నుంచి మా మరిది వాళ్ళు వచ్చినప్పుడు రెండు.

అప్పటిదాకా నేను కూడా ఆరుగురికో ఏడుగురికో పట్టేది కొనాలనే అనుకున్నాను. ఎవరైనా వస్తే చోటు చాలక నిలబడి చూడాల్సి వస్తే బాగుండదని మన ఆలోచన. ఇల్లు కొనేటప్పుడూ గెస్ట్ రూమ్ ముందు చూసుకుంటాం, తర్వాత మన గది. ఈ మర్యాద మంచిదే, దాన్ని నేను తప్పు పట్టను. కాకపోతే గెస్ట్ రూమ్ తలుపు వేసేస్తే దానికి రోజూ ఖర్చు ఉండదు. టబ్‌లో ఆ నాలుగు ఖాళీ సీట్ల నీళ్ళను కూడా మూడు వందల అరవై ఐదు రోజులూ వేడిగా ఉంచాలి.

పెద్ద టబ్ వైపు కూడా న్యాయం ఉంది. నీళ్ళు ఎక్కువుంటే త్వరగా చల్లారవు. క్లోరిన్, పీహెచ్ (నీళ్ళలో ఆమ్ల, క్షార గుణాల కొలత) కూడా త్వరగా అటూ ఇటూ కావు. మేము చివరికి కొన్న నాలుగు సీట్ల టబ్‌లో ముగ్గురం అరగంట కూర్చుంటే మర్నాటికి క్లోరిన్ అడుగంటుతుంది, అదే పెద్ద దానిలో అంత తేడా కనపడదు. ఇంట్లో నిజంగా ఐదుగురు రోజూ దిగేవాళ్ళుంటే పెద్దదే కొనండి. నేను వద్దనేది ఊహించుకున్న ఐదుగురిని.

జెట్‌ల లెక్క, బోరు మోటారు లెక్క

అరవై రెండు జెట్‌లు అని ఆ అబ్బాయి చెప్పగానే నాకు మా నాన్న గుర్తొచ్చారు. బోరులో రెండించుల నీళ్ళు పడితే నాలుగు స్ప్రింక్లర్లు బాగా తిరుగుతాయి, ఎనిమిది బిగిస్తే ఎనిమిదీ తూగుతూ ఉంటాయి అనేవారు. టబ్ అయినా అంతే. పంపు తోసే నీళ్ళనే రంధ్రాలన్నిటికీ పంచాలి. కాబట్టి అడగాల్సింది జెట్‌ల సంఖ్య కాదు. పంపులు ఎన్ని, నడుముకు తగిలే జెట్ ఎంత గట్టిగా వస్తుంది, ఒక సీటుకు ఆపి ఇంకో సీటుకు మళ్ళించుకోవచ్చా అన్నవి అడగాలి. పంపు హార్స్‌పవర్ ఎంతో చెప్పినప్పుడు అది మొదలయ్యేటప్పటి గరిష్ఠమా, ఆగకుండా నడిచేటప్పటిదా అని కూడా అడగండి. రెండిటికీ చాలా తేడా ఉంటుంది.

బోరుకీ టబ్‌కీ నిజంగానే చుట్టరికం ఉంది. జకూజీ అని మనం వాడుక మాటలా అనేది ఒక ఇంటిపేరు. ఇటలీ నుంచి కాలిఫోర్నియాకు వచ్చిన అన్నదమ్ముల కుటుంబం. వాళ్ళు మొదట విమానాలకు ప్రొపెల్లర్లు చేశారు, 1920లలో బావుల్లోంచి నీళ్ళు తోడే జెట్ పంపులు చేశారు. ఆ అన్నదమ్ముల్లో కాండిడో కొడుకు కెన్నెత్‌కు పసితనంలోనే కీళ్ళవాతం వచ్చింది. ఆసుపత్రిలో చేసే నీటి వైద్యం ఇంట్లో కూడా అందాలని, స్నానాల తొట్టెలో దించుకునే చిన్న పంపు తయారుచేశారు. 1950లలో దాన్ని అమ్మకానికి పెట్టారు. జెట్‌లను తొట్టెలోనే అమర్చి చేసినది 1968లో వచ్చింది. ఒక పిల్లాడి కీళ్ళ నొప్పుల కోసం మొదలైన వస్తువు ఇది. ఇప్పుడు షోరూముల్లో లైట్లూ స్పీకర్లూ చూపించి అమ్ముతుంటే నాకు బాధనిపిస్తుంది.

కొనేముందు నీళ్ళున్న టబ్‌లో దిగి చూస్తామని డీలర్‌ను అడగండి. దీన్ని వెట్ టెస్ట్ అంటారు, చాలా షోరూముల్లో ఒప్పుకుంటారు. అడగడానికి మొహమాటపడతాం, కానీ పడకూడదు. కాళ్ళు చాపుకుని పడుకునే లాంజర్ సీటు కావాలని నేను ఎంతో ఆశపడ్డాను. దిగి పడుకుని జెట్‌లు ఆన్ చేసేసరికి నా ఐదడుగుల ఒక అంగుళం శరీరం తేలిపోయింది. రెండు చేతులతో అంచు పట్టుకుంటే గానీ నిలవలేకపోయాను. ఆ సీటే మా ఆయనకు కొలిచి చేసినట్టుంది. పావుగంటలో తేలిపోయిన సంగతి అది. దిగకుండా కొనుంటే పదేళ్ళపాటు ఒక సీటు నాకు దండగ అయ్యేది.

నీళ్ళ బరువు, కరెంటు

ఆ అబ్బాయి టబ్‌ను తన చెక్క డెక్ మీద పెట్టుకోవచ్చనుకున్నాడు. షోలో ఉన్న మనిషి కూడా ఫోటో చూసి ఫర్వాలేదన్నాడట. గాలన్ నీళ్ళు 8.34 పౌండ్లు. 450 గాలన్లంటే 3,750 పౌండ్లు. ఖాళీ టబ్ ఒక వెయ్యి. ఎనిమిది మంది మనుషులు ఇంకో పన్నెండు వందలు. మొత్తం దాదాపు ఆరు వేలు! ఎనిమిదడుగుల చదరంలో పరిస్తే చదరపు అడుగుకు తొంభై పౌండ్లకు పైనే. మామూలు ఇళ్ళ డెక్‌లు చదరపు అడుగుకు 40 పౌండ్ల బరువు ఆపేలా కడతారు. పాపను ఎత్తుకుని తను ఆ డెక్ కింద నుంచి నడిచే దారి ఉందని నాకు తెలుసు. అందుకే ఆ రాత్రి ఈ లెక్క రెండుసార్లు చెప్పాను. నేల మీద నాలుగంగుళాల కాంక్రీటు పలక పోయించుకోవడమే మంచిది.

కరెంటు విషయంలో మామూలు 120 వోల్టుల ప్లగ్గుకు పెట్టుకునేవీ ఉన్నాయి, 240 వోల్టులవీ ఉన్నాయి. మా టబ్ 260 గాలన్లు. కొళాయి నీళ్ళు 50 డిగ్రీలుంటే వాటిని 102కు తేవడానికి సుమారు 33 యూనిట్ల కరెంటు పడుతుంది. నాలుగు కిలోవాట్ల హీటర్‌కు ఎనిమిది తొమ్మిది గంటల పని. ప్లగ్గు టబ్బుల్లో హీటర్ ఒక కిలోవాట్ అటూఇటూ ఉంటుంది, దానికి ఒకటిన్నర రోజు. పైగా వాటిలో చాలావరకు జెట్‌లు గట్టిగా తిరిగేటప్పుడు హీటర్ ఆగిపోతుంది. మన మిషిగన్ జనవరిలో ఇది చాలదు. 240 వోల్టులైతే విడిగా లైను లాగాలి, సాధారణంగా 50 ఆంపియర్ల జీఎఫ్‌సీఐ బ్రేకర్ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసేది) ఉండాలి. ఆపే స్విచ్ టబ్‌కు కనీసం ఐదడుగుల దూరంలో, టబ్ దగ్గర నుంచి కనిపించేలా పెట్టాలి. తెలిసినవాళ్ళబ్బాయి ఉన్నాడు, చేసేస్తాడు అనుకునే పని కాదిది. పర్మిట్ తీసుకుని, లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌తో చేయించి, ఇన్‌స్పెక్షన్ అయ్యాకే దిగండి. మాకు కరెంటు పనికి పద్దెనిమిది వందలు, కాంక్రీటుకు పన్నెండు వందలు అయ్యాయి. షోలో చెప్పే ధరలో ఈ రెండూ ఉండవు.

సెకండ్ హ్యాండ్ కూడా చూశాం. పదిహేను వందలకు ఒక పాత టబ్ దొరికింది, చూడ్డానికి శుభ్రంగానే ఉంది. లోపల అడుగున నీళ్ళు లాగే మూత ఒక్కటే, అదీ చదునుగా ఉంది. 2002లో వర్జీనియాలో ఏడేళ్ళ పాప హాట్ టబ్ అడుగున ఆ లాగుడుకు అతుక్కుపోయి చనిపోయింది. ఆ పాప పేరు మీదే 2007లో వర్జీనియా గ్రేమ్ బేకర్ చట్టం వచ్చింది. నీళ్ళు లాగే రంధ్రాల మూతలు మనిషి గానీ జుట్టు గానీ చిక్కుకుపోకుండా ఆపే ప్రమాణానికి తగ్గట్టే ఉండాలని నియమం పెట్టారు. ఆ సంగతి చదివాక మా చిన్నాడి జుట్టు చూశాను, టబ్ ఫోటో చూశాను. వద్దని చెప్పేశాం.

మంచు కరగని మూత

2023 ఫిబ్రవరి 22 రాత్రి మిషిగన్‌లో వచ్చిన ఐస్ స్టార్మ్ (వాన పడ్డచోటే గడ్డకట్టే తుఫాను) ఇక్కడివాళ్ళెవరూ మర్చిపోయి ఉండరు. మా వీధికి శనివారం సాయంత్రం దాకా కరెంటు లేదు. పక్కింటి పెద్దాయనకు పన్నెండేళ్ళ నాటి టబ్ ఉంది. గురువారం వెళ్ళి ఎలా ఉందని అడిగితే, మూత తెరవనని ఒట్టు పెట్టుకున్నట్టు చెప్పాడు. శనివారం కరెంటు వచ్చాక చూస్తే 101 ఉన్న నీళ్ళు 79 దగ్గర ఉన్నాయి. అదే తుఫానులో కొత్తగా చవకలో కొన్న ఒక స్నేహితురాలి టబ్‌లో నీళ్ళు 60 కిందికి పడిపోయాయి. పైపులు గడ్డకట్టి పగిలిపోతాయేమో అని ఆమె రెండు రాత్రులు టెన్షన్‌తో నిద్రపోలేదు.

పెద్దాయన వేసవి దాకా ఆగమని చెప్పకుండా ఆ ఆదివారమే తన టబ్ పక్క పలక విప్పి చూపించాడు. లోపల పైపుల చుట్టూ, తొట్టె చుట్టూ వేడి పోకుండా ఆపే గట్టి నురుగు (ఫోమ్) నింపి ఉంది, వేలు దూర్చే సందు లేదు. రిపేరు వస్తే ఆ నురుగును తవ్వాల్సి వస్తుంది, అది దాని లోపం. అయినా మా చలికి అదే మేలని నాకు అర్థమైంది. తర్వాత మూత చూపించాడు. మధ్యలో నాలుగంగుళాల మందం, అంచుల్లో కాస్త తక్కువ, వాన నీళ్ళు జారిపోవడానికి. "మంచు పడ్డ మర్నాడు పొద్దున దీన్ని చూడు. మంచు పడింది పడ్డట్టే ఉంటే మూత బాగున్నట్టు. మధ్య మడత దగ్గర కరిగి చార కనపడితే అక్కడ నీ డబ్బు పోతున్నట్టు" అన్నాడు.

నేను ఇప్పటికీ ప్రతి మంచు పొద్దునా వంటింటి కిటికీలోంచి ముందు ఆ మడత వైపే చూస్తాను.

మూత లోపలి నురుగు ఏళ్ళు గడిచేకొద్దీ ఆవిరి తాగి బరువెక్కుతుంది. అది నాలుగైదేళ్ళకోసారి మార్చాల్సిన వస్తువని ముందే లెక్కలో వేసుకోండి. బరువెక్కిన మూత తీయడం కష్టమై దిగడమే మానేసిన ఇళ్ళు నాకు రెండు తెలుసు. స్పీకర్లకు పెట్టే డబ్బుతో మూత ఎత్తే లిఫ్టర్ కొనుక్కోండి. మొదటి జనవరిలో మా కరెంటు బిల్లు అంతకు ముందు జనవరి కంటే యాభై ఎనిమిది డాలర్లే ఎక్కువ వచ్చింది. అంతకు మించి పెరగకపోవడం చాలావరకు మా మూత దయే అని నా నమ్మకం.

అమ్మ అడిగిన ప్రశ్న

2023 అక్టోబరులో అమ్మ వచ్చింది, ఆరు నెలలు ఉండేలా. మోకాళ్ళ నొప్పులు. టబ్ చుట్టూ ఒకసారి తిరిగి చూసి అడిగిన మొదటి మాట: "ఒకరు మునిగిన నీళ్ళల్లో ఇంకొకరు మునుగుతారా పాపా?"

"కోనేట్లో మునగవా?" అన్నాను.

"మునిగినాక ఇంటికొచ్చి తలకు పోసుకుంటాం గదా."

అక్కడితో ఊరుకోలేదు. మూడు రోజులు దిగలేదు. నాలుగో రోజు కాటన్ చుడీదార్‌తో, తలకు రోజూ పెట్టుకునే కొబ్బరినూనెతో దిగింది. జెట్‌లు ఆన్ చేశాను. రెండు నిమిషాల్లో నీళ్ళ మీద జానెడు ఎత్తు నురుగు లేచింది, తెల్లగా, అంచులు దాటి కింద కాంక్రీటు మీదికి కారుతూ. బట్టల్లో మిగిలిన సబ్బు పొడి, తల నూనె కలిసిన పని అది. ఫిల్టర్ తీసి మందులో నానబెట్టి కడగడం, నీళ్ళు తేటపడే దాకా క్లోరిన్ చూసుకోవడం మూడు రోజులు పట్టింది. ఆమె ఎంత చిన్నబుచ్చుకుందో చెప్పలేను. తప్పు నాది, ముందే చెప్పి ఉండాల్సింది.

ఆ తర్వాత ఒక జత కాటన్ బట్టలు టబ్‌కే విడిగా పెట్టాం. వాటిని సబ్బు లేకుండా ఉత్త నీళ్ళలో జాడించి ఆరేయడమే. దిగేముందు స్నానం, జుట్టు పైకి ముడి, పైకి వచ్చాక మళ్ళీ స్నానం. కొన్నాళ్ళకు నాకు తట్టింది, అమ్మ అడిగిన పద్ధతి సరిగ్గా ఇదే కదా అని. ఒంటి మీది చెమట, నూనె, క్రీములు క్లోరిన్‌ను తినేస్తాయి. క్లోరిన్ తగ్గిన వేడి నీళ్ళలో సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా పెరిగి ఒంటి మీద దద్దుర్లు వస్తాయి. స్నానం చేసి దిగమని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెప్పేది కూడా అందుకే. క్లోరిన్ కనీసం 3 పీపీఎం (పది లక్షల పాళ్ళ నీళ్ళకు మూడు పాళ్ళు) ఉండాలని కూడా వాళ్ళే చెబుతారు. పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య చూసుకుంటే మాకు సరిపోతోంది. దిగేముందు నీళ్ళు పరీక్షించే కాగితపు స్ట్రిప్ ఒకటి ముంచి చూడటం పది సెకన్ల పని.

అమ్మకు బీపీ మాత్రలు ఉన్నాయి కాబట్టి డాక్టర్‌ను అడిగే దించాం. వంద కంటే తక్కువ వేడి, పది నిమిషాలు, పక్కన మనిషి ఉండాలి అన్నారు. టబ్బులు 104 డిగ్రీల దాకా వెళ్తాయి, అది పెద్దవాళ్ళకే ఎక్కువ. గర్భిణులు డాక్టర్‌ను అడగకుండా దిగకూడదు. ఐదేళ్ళ లోపు పిల్లలను అసలు దించొద్దని సీడీసీ అంటుంది. ఆ అబ్బాయి పాపకు మూడేళ్ళు. అంటే ఎనిమిది సీట్ల టబ్‌లో ఇంకో రెండేళ్ళు దిగేది ఇద్దరే. ఈ మాట చెప్పాక ఫోన్లో కాసేపు ఏమీ వినిపించలేదు. మూతకు తాళాలు ఉన్నాయా, పాపకు అందని ఎత్తులో ఉన్నాయా అని అప్పుడు వాళ్ళావిడ అడిగింది. ఆ గంటన్నరలో వచ్చిన ప్రశ్నలన్నిటిలోకీ అదే మంచి ప్రశ్న.

మోకాళ్ళు నయమయ్యాయని నేను చెప్పను. జనవరిలో ఒక రాత్రి, చుట్టూ మంచు, మెడ దాకా వేడి నీళ్ళు, తలకు ఉన్ని టోపీ, మొహం మీద ఆవిరి. కళ్ళు మూసుకుని "కాళ్ళు లాగేది తగ్గింది పాపా" అంది. ఆ రాత్రి మాత్ర అడగకుండా పడుకుంది.

వెయ్యి లీటర్లు

ఒక్క విషయంలో మాత్రం నాకు పూర్తి సమాధానం లేదు. 260 గాలన్లంటే దాదాపు వెయ్యి లీటర్లు. అనంతపురంలో మా మిద్దె మీద ఉన్న సింటెక్స్ ట్యాంకు వెయ్యి లీటర్లది. అది నిండిన రోజు ఇంట్లో పండగలా ఉండేది. చిన్నప్పుడు తెల్లవారుజామున నాలుగింటికి లేచి కొళాయి దగ్గర బిందెలు వరుసలో పెట్టిన దాన్ని నేను. ఇప్పుడు మూడు నెలలకోసారి ఒక ట్యాంకు నీళ్ళు గడ్డి మీదికి వదులుతున్నాను.

లెక్క వేసుకున్నాను. ఇంట్లో బాత్ టబ్ ఒకసారి నింపితే 40 గాలన్లు అవుతాయి. ఆ వేసవిలో మేము దిగిన అరవై ఒక్క రోజులూ అలా నింపుకుంటే 2,440 గాలన్లు. హాట్ టబ్‌కు ఏడాదికి నాలుగుసార్లు మార్చినా 1,040. నిజమే, కానీ హాట్ టబ్ లేకపోతే అన్నిసార్లు బాత్ టబ్ నింపేదాన్నా? నింపేదాన్ని కాదు. మిషిగన్‌లో నేను నీళ్ళు ఆపితే అవి అనంతపురం చేరవని మా ఆయన అంటాడు. అదీ నిజమే. అయినా గొట్టం పెట్టి నీళ్ళు వదిలే ప్రతిసారీ నాకు ఆ బిందెల వరుస గుర్తొస్తుంది. పోనీ అని కొట్టిపారేయలేను. చిన్న టబ్ చాలు అనడానికి నాకు మిగతా కారణాలన్నిటికంటే ఇది పెద్దది.

ఈ ఆదివారం నీళ్ళు మార్చాలి. గడ్డకట్టే చలి రాకముందే మార్చుకుంటే మళ్ళీ మార్చి నెల దాకా ముట్టుకోనక్కర్లేదు, జనవరిలో ఖాళీ చేస్తే పైపుల్లో మిగిలిన నీళ్ళు గడ్డకట్టే ప్రమాదం ఉంది. నీళ్ళు గడ్డి మీదికి వదలాలి కాబట్టి క్లోరిన్ వేయడం గురువారమే ఆపేశాను. కొనేముందు ఈ పని ఎలా ఉంటుందో చూడమని ఆ అబ్బాయినీ వాళ్ళావిడనూ పొద్దున పదింటికి రమ్మన్నాను. దిగడానికి మాత్రం మంగళవారం రాత్రి ఆఫీసయ్యాక రమ్మన్నాను, తువ్వాళ్ళు తెచ్చుకోమని చెప్పి.